గీజరుకు బ్రేకరు వెతికిన చలికాలం

మా ఆయన ఎలక్ట్రీషియన్. ఇరవై ఏళ్లకు దగ్గరగా దుబాయిలో ఉన్నాడు. ఎత్తయిన బిల్డింగుల్లో వైర్లు లాగడం, ప్యానెల్ బోర్డులు బిగించడం అక్కడ ఆయన పని. రెండేళ్లకోసారి వచ్చి, రెండు నెలలుండి వెళ్లిపోయేవాడు. మిగతా కాలమంతా మా కాపురం ఫోన్లోనే సాగింది.

ఇది విని కోరుట్లలో ఎవరూ ఆశ్చర్యపోరు. మా వాడకట్టులో చాలా ఇళ్లు అలాంటివే. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, సాయంత్రం రూముకొచ్చి వంట చేసుకుంటూ ఒకసారి మాట్లాడేవాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి పొయ్యి పక్కన ఉంచేవాడు. ఉల్లిగడ్డ తరుగుతున్న చప్పుడు వినబడేది. "ఇయ్యాల ఏం కూర?" అంటే, "గదే, పప్పు" అనేవాడు. ఎప్పుడడిగినా గదే పప్పు. వీడియో కాల్ వచ్చాక కూడా కెమెరా పెట్టేవాడు కాదు. మాసిన గడ్డంతో, పనిబట్టలతో కనబడటం ఆయనకు ఇష్టముండేది కాదు. అందుకని నాకు ఆయన ముఖం కంటే గొంతే ఎక్కువ తెలుసు. జ్వరమొచ్చిందో, ఫోర్‌మన్‌తో మాటపడ్డాడో, ఇల్లు గుర్తుకొచ్చిందో, "ఆఁ, చెప్పు" అన్న ఒక్క మాటతో పోల్చుకునేదాన్ని.

ఆఖరికి వీసా వదిలేసి వచ్చేశాడు. మా బిడ్డ అప్పుడు జగిత్యాలలో నర్సింగు చదువుతోంది. ఆయనకు ఊళ్లో పనికి కొదవలేదు. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల కొత్త ఇల్లు ఎవరు కట్టుకుంటున్నా వైరింగుకు ఆయననే పిలిచేవారు. పొద్దున బండిమీద పోయి సాయంత్రం వచ్చేవాడు. వాకిట్లో బండి చప్పుడు వినగానే టీ పెట్టడం, ఎదురెదురుగా కూర్చుని తాగడం నాకు పండగలాగా ఉండేది. కొత్తలో ఇద్దరికీ కొంచెం సిగ్గుగానే ఉండేది. ఒక ఇంట్లో కూర్చుని ఏం మాట్లాడుకోవాలో మాకు అలవాటు లేదు. నేర్చుకుంటూ ఉన్నాం.

దసరా పోయిన తర్వాత ఒక పొద్దున మెట్‌పల్లి దగ్గర కడుతున్న ఇంట్లో పనిచేస్తూ స్టూలు మీదినుంచి ఒరిగిపోయాడు. షాక్ కొట్టిందనుకున్నారట అక్కడివాళ్లు. మెయిన్ ఆపి, చెక్కతో దూరం జరిపి, ఆటోలో వేసుకుని జగిత్యాల తీసుకుపోయారు. నేను పోయేసరికి మంచం మీద ఉన్నాడు. షాక్ కాదు, మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నన్ను చూసి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

"ఆయనకు అన్నీ అర్థమైతయమ్మా," అన్నాడు డాక్టరు. "తెలివి ఎక్కడికీ పోలేదు. చెప్దామంటే మాట దొరకది. కొందరికి మెల్లగ వస్తది, కొందరికి రాదు."

కొన్నాళ్లకు ఒక్క మాట వచ్చింది. "నీళ్లు." మేమెంత సంబరపడ్డామో! బిడ్డ పరుగెత్తిపోయి గ్లాసు తెచ్చింది. తాగాడు. కాసేపటికి మళ్లీ "నీళ్లు" అన్నాడు. మళ్లీ తెచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు తెలిసింది మాకు, ఆయనకు దాహమైనా నీళ్లే, ఫ్యాను వేయమన్నా నీళ్లే, బిడ్డను పిలిచినా నీళ్లే. మిగతా మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది. అన్నేళ్లు గొంతే ఆసరాగా బతికినదాన్ని. మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాక ఆ గొంతు పోయింది. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. ప్రాణం దక్కింది చాలని అందరూ అంటుంటే ఏమని చెప్పుకుంటాం?

ఇంటికి తెచ్చుకున్నాక చలి మొదలైంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, చన్నీళ్లు తగిలితే చెయ్యి ఇంకా బిగుసుకుపోతుందని, రోజూ వేడినీళ్లతో స్నానం చేయించి, చెయ్యి కాసేపు వేడినీళ్లలో ఉంచి, ఆ తర్వాతే కసరత్తు చేయించాలని చెప్పింది. మా ఇంట్లో వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టేవాళ్లం. పెద్ద గంజులో కాచి, బకెట్లో పోసి, వాకిలి దాటించి, గచ్చుమీద జారకుండా స్నానాలగదికి మోసేదాన్ని. ఆయన అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చలికి వణుకుతూ నా కోసం చూసేవాడు. నీళ్లు తెచ్చేసరికి ఒళ్లంతా బిగుసుకుపోయి ఉండేది.

మా అన్న సిరిసిల్లలో ఉంటాడు. నాలుగు సాంచెలు, అదే పవర్‌లూములు, నడుపుకునే మనిషి. బావను చూడటానికి వచ్చిన ఒకరోజు నేను బకెట్ మోస్తుంటే చూశాడు. చేతిలోంచి లాక్కుని తానే లోపల పెట్టాడు. అన్నం తింటూ, "చెల్లె, గిట్ల ఎన్ని దినాలు మోస్తవు? నీ నడుము గూడ పడిపోతే మిమ్మలిద్దర్ని ఎవరు సూడాలె?" అన్నాడు.

"బకెట్ల ఏసే కరెంటు రాడ్డు తెచ్చుకుందామనుకుంటున్ననే," అన్నాను.

మా ఆయన తింటున్నవాడల్లా ఆపేశాడు. "నీళ్లు, నీళ్లు" అంటూ ఎడమచెయ్యి గట్టిగా ఊపాడు. వద్దని ఆ ఊపుడులోనే తెలిసింది. మంచిగున్న రోజుల్లో కూడా రాడ్డు పేరెత్తితే కోప్పడేవాడు. నీళ్లు కాగాయో లేదో అని చేతితో చూసి, షాక్ కొట్టి పోయినవాళ్లున్నారని చెప్పేవాడు.

"రాడ్డు వద్దు తియ్యి," అన్నాడు మా అన్న. వారం తిరక్కుండా సిరిసిల్ల నుంచి ట్రాలీ ఆటోలో గీజరు పంపించాడు. తెల్లటిది, పెద్దది, ఇద్దరు పట్టి దించారు.

మా వాడకట్టులోనే ఉండే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకు బిగించాడు. మా ఆయనను అన్నా అని పిలిచే మనిషే. పని త్వరగా కావాలని చూసేవాడు గాని చెడ్డవాడు కాదు. స్నానాలగదిలో బల్బుకు వచ్చే వైరునుంచే పక్కకు లాగి గీజరుకు కలిపాడు. ఆ రోజు ట్యాపు తిప్పగానే పొగలు గక్కుతూ నీళ్లొచ్చాయి. ఆయన వీపు మీద పోస్తుంటే కళ్లు మూసుకున్నాడు. బిగుసుకున్న వేళ్లు కొంచెం విడివడ్డాయి. ఇక మోయనక్కర్లేదు అనుకున్నాను.

రెండోరోజు నీళ్లు వేడెక్కకముందే టక్కుమని చప్పుడు. స్నానాలగదిలో, వంటింట్లో లైట్లు ఆరిపోయాయి. బోర్డులో ఎంసీబీ, అదే బ్రేకరు, కిందికి పడిపోయి ఉంది. పైకి లేపితే మళ్లీ వచ్చింది. కాసేపటికి మళ్లీ పడింది. ఆయనను సబ్బు నురుగుతో కూర్చోబెట్టి, బోర్డు దగ్గరికీ గదికీ తిరగడమే సరిపోయింది. చివరికి మిగిలిన స్నానం చన్నీళ్లతోనే కానిచ్చాను. ఆయన పళ్లు కటకటలాడాయి. ఏమీ అనలేదు. అనడానికి మాటే లేదు గదా.

ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిచాను. బోర్డు మూత విప్పి చూసి, "అక్కా, గీడున్నది పది ఆంప్స్‌ది. గంత పెద్ద గీజరుకు గిదెట్ల ఆగుతది? ముప్పై రెండుది తెచ్చిన. గిది పెట్టిన్నంటె ఇగ పడేది లేదు," అన్నాడు. జేబులోంచి కొత్త బ్రేకరు తీశాడు.

మా ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఒక్కసారిగా, "నీళ్లు! నీళ్లు!" అని అరిచాడు.

"అన్నకు దూపైతున్నట్టుంది, నీళ్లియ్యక్కా," అన్నాడు ఎలక్ట్రీషియన్ స్క్రూలు విప్పుతూనే.

గ్లాసు తెచ్చి నోటికి అందించబోయాను. ఎడమచేత్తో కొట్టాడు. గ్లాసు ఎగిరి గచ్చుమీద దొర్లింది. నా చీరంతా తడిసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మీద చెయ్యెత్తని మనిషి. ఏమైందో తెలియక నిలబడిపోయాను. కర్ర పట్టుకుని ఆయన లేవబోయాడు. నేను పట్టుకున్నాను. కుడికాలు ఈడ్చుకుంటూ, గోడకు ఆనుకుంటూ బోర్డు దాకా వచ్చాడు. మెయిన్ అప్పటికే ఆపి ఉంది. పెట్టెలోంచి బయటికి లాగిన పాత వైరు కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నలిపాడు. నా చెయ్యి పట్టుకుని నా వేళ్లకూ అందించాడు. దారమంత సన్నగా ఉంది రాగి. తర్వాత ఆ కొత్త బ్రేకరును వేలితో పొడిచి చూపించాడు. బోర్డునుంచి గోడమీదుగా వంటింటి దాకా, అక్కణ్నుంచి స్నానాలగది దాకా గాలిలో చెయ్యి జరుపుతూ పోయి, కాలినట్టు గబుక్కున వెనక్కి తీసి, వేళ్లమీద ఊదుకున్నాడు.

"వైరు సన్నగున్నదంటున్నవా?" అన్నాను. "గోడలనే కాల్తదంటున్నవా?"

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఏడ్చాడు. గొంతెత్తి, పిల్లల్లాగా ఏడ్చాడు.

ఎలక్ట్రీషియన్ కూడా ఆ వైరును వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత, "అన్న చెప్పేది నిజమే అక్కా. బల్బుల కోసమని ఏసిన ఒక ఎంఎం వైరది. కాని అందరిండ్లల్ల గిట్లనే నడుస్తుంది. గడియసేపు ఏస్తరు, బంద్ చేస్తరు. ఏం గాదు," అన్నాడు.

"వద్దు తమ్మీ. పాతదే ఉండనియ్యి. గీజరు తీసెయ్యి."

"నీ ఇష్టమక్కా. వైరు, బ్రేకరు తెచ్చిపెట్టుకోన్రి. అచ్చి కొత్త లైను గుంజుత," అని గీజరు వైరు విప్పేసి, మూత బిగించి వెళ్లిపోయాడు.

ఆ ఇల్లు ఆయన దుబాయిలో ఉండగా కట్టింది. వైరింగు ఎవరో చేశారు, నేను దగ్గరుండి టీలు పోశాను. ఆయన తిరిగొచ్చాక చూసి, "మనింటి వైరింగంత తీసేసి మల్ల నేనే జేస్త," అన్నాడు. రోజూ వేరేవాళ్ల ఇళ్లలో పని ఉండేది. మన ఇల్లు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం ఇద్దరమూ.

నేను మళ్లీ రాళ్ల పొయ్యి దగ్గరికే పోయాను. గీజరు మాత్రం గోడకు అలాగే ఉంది.

ఆ వారం ఫిజియోథెరపీ కోసం జగిత్యాల వెళ్లినప్పుడు, అది కాగానే ఆటోను గడియారం టవర్ దగ్గరి సందులోకి తిప్పమన్నాను. అక్కడ ఆయన స్నేహితుడి కరెంటు సామాన్ల దుకాణం ఉంది. దుబాయిలో ఇద్దరూ ఒకే రూములో ఏళ్ల తరబడి ఉన్నారు. ఫోన్లో వెనకనుంచి, "సలామ్ భాభీ, మీ ఆయన ఉప్పు మస్తు ఏస్తుండు" అని అరిచే గొంతు ఆయనదే. ఎదురుగా అన్నా అంటాను, ఇంట్లో మాత్రం భాయ్ అనే చెప్పుకుంటాం. ఆయన ముందే తిరిగొచ్చి దుకాణం పెట్టుకున్నాడు. మా ఆయన జబ్బు సంగతి ఫోన్లో తెలుసు గాని, తన తల్లి మంచాన పడి ఉండటంతో చూడటానికి రాలేకపోయాడు.

ఆటోలోంచి దింపుతుంటే చూసి, గల్లా వదిలి పరుగెత్తుకొచ్చాడు. "అరే యార్," అన్నాడు. నడుం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. మా ఆయన అతని ముఖంలోకి చూసి, "నీళ్లు," అన్నాడు. అతను బాటిల్ అందుకోబోతే, "దాహం కాదన్నా, నిన్ను పిలుస్తుండు. ఏదన్న గదొక్కటే మాట," అన్నాను.

అతను బాటిల్ పక్కన పెట్టి, మా ఆయన పడిపోయిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు కూర్చున్నాడు. దుకాణానికి వచ్చిన వాళ్లు వాళ్లకై వాళ్లు వెనక్కి పోయారు.

తర్వాత నేను సంగతంతా చెప్పాను. ఫోన్లో గీజరు ఫొటోలు తీసుకొచ్చాను, దాని మీద అతికించిన రేకుది చూపించాను.

"మూడు వేల వాట్లు," అని చదివాడు భాయ్. "భాభీ, సమజ్ చేస్కోన్రి. మూడు వేలను రెండొందల ముప్పైతోని భాగిస్తె పదమూడు ఆంప్స్ అస్తది. అంటే మీ గీజరు నడిచినంతసేపు పదమూడు గుంజుతది. పదిది పెడితే పడుతనే ఉంటది. గది దాని తప్పు గాదు, దాని పని అది చేస్తుంది. ముప్పై రెండుది పెడితే, లోపల వైరు కాలినా దానికి సోయుండదు. బ్రేకరు వైరును కాపాడనీకి. వైరు ఎంత మోస్తదో సూసి పెట్టాలె, మనకు పడొద్దని పెద్దది పెట్టుడు గాదు."

గల్లా మీద బ్రేకర్లు వరుసగా పెట్టాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి, తెల్లటివి, మూతి మీద చిన్న అంకె ఒక్కటే తేడా. ఆ వరుస చూడగానే మా ఆయన ముఖం మారింది. ముందుకు వంగాడు. అప్పటిదాకా ఎవరో ఒకరు లేపితే లేచి, కూర్చోబెడితే కూర్చున్న మనిషి. ఎడమచెయ్యి గల్లా మీద పెట్టి ముప్పై రెండుదాన్ని పక్కకు నెట్టాడు. పదిదాన్ని నెట్టాడు. పదహారు, ఇరవై మిగిలాయి.

"ఇరవై గూడ పెడతరు యార్," అన్నాడు స్నేహితుడు. "నాలుగు ఎంఎం వైరు ఏస్తె ఇరవైకి తట్టుకుంటది."

మా ఆయన నా ఫోను అందుకుని నాకే తిరిగి ఇచ్చాడు. ఏం కావాలో మాకు తెలియలేదు. మళ్లీ ఇచ్చాడు. ఫొటోలు ఒక్కొక్కటే జరిపాను. గీజరు ప్లగ్గు కనబడ్డ ఫొటో దగ్గర వేలు పెట్టి ఆపాడు.

"సహీ," అన్నాడు భాయ్. "ప్లగ్గు, సాకెట్ పదహారువే. పదమూడు గుంజేదానికి పదహారు సాలు. ప్లగ్గును గూడ కాపాడుతది. పదహారే పెట్టున్రి భాభీ. వైరు మాత్రం నాలుగుది ఏస్కోన్రి, వేడెక్కది."

అయిపోయిందనుకుని సంచి తెరిచాను. ఆయన మాత్రం కదల్లేదు. వెనక అరల్లోకి చూస్తూ, "నీళ్లు... నీళ్లు..." అంటున్నాడు. భాయ్ ఒక్కొక్క పెట్టె తీసి చూపించాడు. కాదు, కాదు అని తల ఊపుతున్నాడు. విసుగొచ్చి ముఖం ఎర్రబడింది. చివరికి వేలితో తన గుండెమీద తట్టుకున్నాడు. తర్వాత నా చేతి మీద తట్టాడు. మళ్లీ తన గుండె, మళ్లీ నా చెయ్యి.

భాయ్‌కి అప్పుడు అర్థమైంది. లోపలి అరలోంచి కొంచెం వెడల్పాటిది ఒకటి తీశాడు. మా ఆయన వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆర్‌సీసీబీ," అన్నాడు భాయ్ నాతో. "ఎంసీబీ వైరు కోసం. గిది మనిషి కోసం. మనిషి పానం పోవుటానికి పదహారు ఆంప్స్ అక్కర్లే, అండ్ల ఆవగింజంత సాలు. గంత సన్న కరెంటు ఒంట్లకెళ్లి పోతుంటే ఎంసీబీకి ఎర్కే గాదు. గిదైతే పోయిన కరెంటు, తిరిగచ్చిన కరెంటు ఒక్కతీరుగ ఉన్నయా అని సూస్తనే ఉంటది. నడుమ కొంచెం ఎటన్న పోయినా పడిపోతది. ముప్పై మిల్లీ ఆంప్స్‌ది ఇస్తున్న. తడిచేతులతోని ఆయనకు తానం పోసేది మీరు గదా, గందుకే అడుగుతుండు."

పక్కకు తిరిగి వైర్ల చుట్టల వంక చూస్తూ నిలబడ్డాను. మొగుడికి నేను సేవ చేస్తున్నానని ఊరంతా అంటున్నది. నా గురించి ఆయన ఆలోచిస్తున్నాడని అప్పటిదాకా నాకూ తట్టలేదు. వెళ్లేటప్పుడు భాయ్ ఆటో దాకా వచ్చి, తలుపు దగ్గర వంగి, "ఉప్పు తక్కువేస్తున్నరా లేదా భాభీ?" అని నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మరుసటి వారం మా వాడకట్టు ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డునుంచి స్నానాలగదికి వేరే లైను లాగాడు. గోడ తొలిచిన దుమ్ము ఇంటినిండా. ఆయనను వాకిట్లో కూర్చోబెడదామంటే ఒప్పుకోలేదు. ముక్కుకు తువ్వాలు కట్టించుకుని అక్కడే కూర్చున్నాడు. ఎర్తింగ్ వైరు వేయకుండా సాకెట్ బిగించబోతే కర్రతో నేలమీద కొట్టాడు. ఎలక్ట్రీషియన్ కూడా ఈసారి విసుక్కోలేదు. "ఏస్తున్ననే, ఏస్తున్న. నువ్వు సూస్తుంటె మర్సిపోతనా?" అంటూ పనిచేశాడు. పని పూర్తయ్యాక వెడల్పాటి బ్రేకరు మీది చిన్న మీటను నాతో నొక్కించాడు. టక్కుమని పడింది. "గట్ల పడిందంటె మంచిగున్నట్టు అక్కా. నెలకోసారి నొక్కి సూడు," అన్నాడు. మా ఆయన నవ్వాడు. నోరు ఒక పక్కకే పోయింది గాని నవ్వే. జబ్బు తర్వాత మొదటిసారి.

ఆ చలికాలమంతా రోజూ వేడినీళ్ల స్నానం చేయించాను. లైట్లు ఒక్కసారీ ఆరలేదు. చెయ్యి బకెట్లో పెట్టి కూర్చుంటే, నేను ఎదురుగా పీటమీద కూర్చుని ఊళ్లో సంగతులు చెప్పేదాన్ని. ఎవరింట్లో పసుపు ఉడకబెడుతున్నారో, ఎవరి కొడుక్కి వీసా వచ్చిందో. ఫోన్లో మాట్లాడినంత కాలం ఎక్కువ చెప్పింది ఆయన, విన్నది నేను. ఇప్పుడు నేనే మాట్లాడాల్సి వచ్చింది. మొదట్లో రెండు మాటలకే ఆగిపోయేదాన్ని. ఒకరోజు మాట్లాడుతుంటే ఆయన ఎడమచేత్తో చెంబు ముంచి నా పాదాల మీద వేడినీళ్లు పోశాడు. చలికి పగిలి ఉన్నాయి నా కాళ్లు. మళ్లీ ముంచి మళ్లీ పోశాడు. "నీకు తక్కువైతయయ్యా," అంటే వినలేదు.

బిడ్డ ఆదివారాలు వచ్చి బొమ్మల పుస్తకం ముందు పెట్టి మాటలు నేర్పేది. "బాపూ, గిదేంది? చెప్పు." చలి తగ్గేవేళకు రెండు మాటలు కొత్తగా వచ్చాయి. "చాలు" ఒకటి. "బిడ్డ" ఒకటి. "బిడ్డ" అన్న రోజు అది వంటింట్లోకి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నా పేరు మాత్రం రాలేదు. నోరు గుండ్రంగా చేసి ప్రయత్నించేవాడు, గాలి వచ్చేది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చూసి ఆపేసేవాడు. తర్వాత నేనే అడగడం మానేశాను.

ఎండలు ముదరకముందే, ఒక పొద్దున టీ తాగుతుండగా ఆయనకు ఆ జబ్బు రెండోసారి వచ్చింది. కప్పు ఒళ్లో పడింది. ఆటోలో జగిత్యాల పోతుండగా నా భుజం మీదే తల బరువెక్కిపోయింది. దారిలోనే పోయాడు. ఆటో అతనికి చెప్పలేదు. దవాఖాన దాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి తెచ్చాక స్నానానికి నీళ్లు వాకిట్లో మూడు రాళ్ల మీదే కాచారు. పెద్దవాళ్లు అలా చేయాలన్నారు. నేను అడ్డు చెప్పలేదు. భాయ్ జగిత్యాల నుంచి వచ్చి, వాకిట్లో ఒక మూలన, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మా అన్న పాడె కట్టించాడు. మా వాడకట్టు ఎలక్ట్రీషియన్ పందిట్లో బల్బులు కట్టి, సాయంత్రం దాకా మా ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు.

బిడ్డకు కరీంనగర్ దవాఖానలో ఉద్యోగం వచ్చింది. ఒక్కదాన్నే ఇంట్లో ఉండొద్దని అన్న సిరిసిల్ల రమ్మన్నాడు. కోరుట్ల ఇల్లు ఒక టీచర్ కుటుంబానికి కిరాయికిచ్చాము. ఇల్లు అప్పజెప్పేటప్పుడు ఆ టీచర్ భార్యకు, ఇంకా చిన్నపిల్లే, బోర్డు విప్పి చూపించాను. "గిది లైట్లది, గిది మోటర్ది, గిది గీజర్ది పదహారుది. ఎవరన్న పెద్దది పెడతమంటే పెట్టనియ్యకు బిడ్డా. గీ ఎడల్పుగున్నదాన్ని అస్సలు తియ్యనియ్యకు," అని చెప్పాను. చంకలో పాప ఏడుస్తోంది. ఆ పిల్ల సరే సరే అంటూ తల ఊపింది. ఎంత విన్నదో తెలియదు.

ఇప్పుడు సిరిసిల్లలో మా అన్న ఇంట్లో, సాంచెల షెడ్డు పక్క గదిలో ఉంటున్నాను. పగలంతా జాకెట్లు కుడతాను. చెవులు పగిలే చప్పుడులో ఎట్ల ఉంటున్నవని చూడటానికి వచ్చినవాళ్లు అడుగుతారు. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగినదాన్ని, నాకేం కొత్త కాదు. మధ్యాహ్నం మిషన్ మీదే తల వాల్చి కునుకు తీస్తాను, ఆ మోతకే నిద్ర పడుతుంది. కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయినప్పుడు మాత్రం బ్రేకరు పడిందేమో, ఆయన నురుగుతో కూర్చున్నాడేమో అని ఉలిక్కిపడి లేస్తాను. వదిన వచ్చి, "ఏమైంది? ఏమన్న కలచ్చిందా?" అని అడుగుతుంది. ఏం లేదంటాను. కరెంటు వచ్చేదాకా ఇద్దరం గడపలో కూర్చుంటాం.